పాత షెవీ ట్రక్కు డ్రమ్ బ్రేకులు అరిగితే, షూలు కొనేముందు చూడాల్సినవి

తమ్ముడూ, నువ్వు రాసిందంతా చదివా. 1966 షెవర్లే సీ10 కొన్నావ్, డల్లాస్ దగ్గర ఉంటున్నావ్, బ్రేక్ తొక్కితే పెడల్ సగం పైనే లోపలికి పోతోంది, వెంటనే ఇంకోసారి తొక్కితే పైకి వస్తోంది, గట్టిగా తొక్కితే బండి ఎడమకి లాగుతోంది, వెనక నుంచి గరగర సౌండు, కుడి వెనక టైరు లోపలివైపు తడి. షాపు వాళ్ళేమో నాలుగు చక్రాలకీ షూలు (డ్రమ్ము లోపల అదుముకుని దాన్ని ఆపే వంపు ముక్కలు) మార్చేస్తే సరిపోద్దన్నారు, ఫ్రెండ్సేమో ఈ డ్రమ్ములు పీకి పారేసి డిస్కులు వేయించెయ్ అంటున్నారు. నన్నడిగితే ఇప్పటికి రెండూ వద్దు. ఆ తడి ఎక్కడినుంచో తెలీకుండా, డ్రమ్ము కొలవకుండా కొత్త షూలు వేయిస్తే నెల తిరక్కుండా అవి కూడా నూనెలో నానిపోతాయి. షూలు మార్చడం ఈ పనిలో ఆఖర్న వచ్చేది.

ముందు నువ్వు చెప్పిన లక్షణాల్లో ఏది దేనివల్లో చూద్దాం, ఎందుకంటే సగం జబ్బు చక్రం విప్పకుండానే తెలిసిపోద్ది. రెండోసారి తొక్కినప్పుడు పెడల్ పైకి లేస్తోందంటే షూకీ డ్రమ్ముకీ మధ్య గ్యాప్ బాగా పెరిగిపోయిందని, అంటే లైనింగో (షూ మీద ఉండే రాపిడి పొర) డ్రమ్మో అరిగింది, అడ్జస్ట్‌మెంట్ చెయ్యలేదు. తొక్కితే స్పాంజిలా మెత్తగా ఉంటే లైన్లో గాలి ఉన్నట్టు. తొక్కి పట్టుకుంటే మెల్లగా కిందకి దిగిపోతూ, బయట ఎక్కడా చుక్క కూడా కారకపోతే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలకి నెట్టేది) లోపల రబ్బరు కప్పు పోయినట్టు. పెడల్ రాయిలా గట్టిగా ఉండి బండి మాత్రం ఆగకపోతే లైనింగ్ మీద నూనె పడిందో, వేడికి గాజులా నున్నగా అయిపోయిందో. నీది మొదటి రకం, దానికి తోడు లీకు.

ఎడమకి లాగడం గురించి ఒక మాట, చాలామంది ఇక్కడే తప్పు వైపు విప్పుతారు. ఎడమకి లాగుతోందంటే ఎడమ చక్రం పట్టుకుంటోంది, కుడిది పట్టుకోవట్లేదు అని అర్థం, కాబట్టి ముందు అనుమానించాల్సింది కుడి ముందు చక్రాన్ని. అక్కడ వీల్ సిలిండర్ (ఆయిల్ ఒత్తిడితో షూలని డ్రమ్ము మీదకి నెట్టేది) పిస్టన్ తుప్పుకి బిగుసుకుపోయి ఉండొచ్చు, లేదా రబ్బరు హోస్ లోపల వాచిపోయి ఆయిల్ వెళ్ళకుండా చేస్తుండొచ్చు, ఈ హోస్ పైకి చూస్తే కొత్తదానిలా ఉంటుంది కానీ లోపల మూసుకుపోయి ఉంటుంది. అలాగని ఎడమవైపు చూడకుండా వదిలెయ్యొద్దు, లైనింగ్ మీద బ్రేక్ ఆయిల్ కొంచెం తడిగా పడితే ఒక్కోసారి జారడం బదులు గబుక్కున పట్టేస్తుంది కూడా. రెండు వైపులా విప్పి చూడాల్సిందే.

విప్పడం. గట్టి నేల మీద పెట్టి, ఎత్తని చక్రాలకి ముందూ వెనకా చెక్కలు పెట్టి, జాక్ మీద ఎప్పుడూ నమ్మకం పెట్టుకోకుండా స్టాండ్లు వెనకైతే యాక్సిల్ కింద, ముందైతే ఫ్రేమ్ కింద పెట్టు. వెనక చక్రాలు విప్పేటప్పుడు హ్యాండ్ బ్రేక్ వదిలెయ్. డ్రమ్ము రాకపోతే సుత్తితో బాదకు, అరిగిన డ్రమ్ముకి అంచున గట్టులా లేచి ఉంటుంది, షూలు దాని లోపల ఇరుక్కుని ఉంటాయి. డ్రమ్ము వెనకున్న ప్లేటులో సన్నటి సందు ఉంటుంది, అందులోంచి స్టార్ వీల్‌ని (షూల గ్యాప్ సరిచేసే పళ్ళ చక్రం) వదులు చెయ్యాలి. గ్యాప్ దానంతటదే సర్దే సెల్ఫ్ అడ్జస్టర్ ఉన్న బండైతే ఆ చిన్న లివర్‌ని సన్న స్క్రూడ్రైవర్‌తో పక్కకి నెట్టి పట్టుకుని ఇంకో స్క్రూడ్రైవర్‌తో తిప్పాలి, లేకపోతే స్టార్ వీల్ పళ్ళు పోతాయి. హబ్ దగ్గర తుప్పు పట్టుకుంటే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఒక రాత్రి వదిలేసి పొద్దున చుట్టూ మెల్లగా తట్టు, వచ్చేస్తుంది.

డ్రమ్ము వచ్చాక లోపల నల్లటి దుమ్ము కనపడుద్ది. మన ఊళ్ళల్లో, ఆటోనగర్ షెడ్లలో కంప్రెసర్ గాలి పెట్టి ఆ దుమ్ము ఊదేయడం నువ్వు చూసే ఉంటావ్, అది మాత్రం చెయ్యకు. అరవై ఏళ్ళ బండికి ఎప్పుడు ఎవరు ఏ లైనింగ్ వేశారో తెలీదు, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ వాడేవాళ్ళు, అది ఊపిరితిత్తుల్లోకి పోతే ఎప్పటికో కాన్సర్‌గా బయటపడుద్ది. అమెరికాలో ఇపిఎ (పర్యావరణ సంస్థ) వాళ్ళు క్రిసోటైల్ ఆస్బెస్టాస్ మీద నిషేధం రూల్ తెచ్చిందే 2024 మార్చిలో, అంటే ఎంత ఆలస్యమో చూడు. కింద ట్రే పెట్టి సబ్బు నీళ్ళో బ్రేక్ క్లీనరో చల్లి తడిపి కడుగు, మంచి మాస్క్ పెట్టుకో, గుడ్డ కవర్లో కట్టి పడెయ్. ఇంకోటి, క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ వాడి ఆ చోట వెల్డింగ్ చేస్తే విషవాయువు పుడుతుంది, క్లోరిన్ లేనిదే కొనుక్కో.

ఇప్పుడు ఆ తడి. వేలితో తీసి వాసన చూడు. గేర్ ఆయిల్‌కి గంధకం కంపు ఉంటుంది, ఒకసారి వాసన పట్టావంటే మళ్ళీ మర్చిపోవు, చిక్కగా జిగటగా ఉంటుంది. బ్రేక్ ఆయిల్ పల్చగా ఉంటుంది, నీళ్ళతో కడిగితే పోతుంది, బండి పెయింట్ మీద పడితే తినేస్తుంది. గేర్ ఆయిల్ అయితే వెనక యాక్సిల్ సీలు పోయింది, సీలు మార్చాలి, సీలుతో పాటు బేరింగు కూడా వదులైందేమో ఊపి చూడాలి, ఎందుకంటే బేరింగ్ ఊగుతుంటే కొత్త సీలు కూడా నిలవదు, డిఫరెన్షియల్ (వెనక యాక్సిల్ మధ్యలోని గేర్ల పెట్టె) గాలి రంధ్రం, అంటే బ్రీదర్, మూసుకుపోయినా లోపల ప్రెషర్ పెరిగి సీలు దాటి నూనె వచ్చేస్తుంది కాబట్టి అది కూడా చూడు. బ్రేక్ ఆయిల్ అయితే వీల్ సిలిండర్. దాని రబ్బరు బూటు అంచు లేపి చూడు, లోపల కొంచెం చెమ్మ ఉంటే సరే, ధారగా కారితే దాని పని అయిపోయింది. పూర్వం లోపల రుద్ది నున్న చేసి (హోనింగ్) కొత్త కప్పులు వేసేవాళ్ళు, ఇప్పుడు ఈ బండికి కొత్త సిలిండర్లు తేలిగ్గా దొరుకుతున్నాయి, గుంటలు పడిన సిలిండర్‌తో కుస్తీ ఎందుకు, ఒకే యాక్సిల్‌కి రెండు వైపులా మార్చెయ్. నూనె తాగిన షూలని పెట్రోల్‌తో కడిగి, కాల్చి, గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ వేసేవాళ్ళున్నారు. వద్దు. లైనింగ్ లోపలికి పీల్చుకున్న నూనె వేడెక్కగానే మళ్ళీ పైకి వస్తుంది.

లైనింగ్ ఎంత మిగిలిందో చూడాలంటే, రివిట్లు కొట్టినవైతే రివిట్ తల మీద అంగుళంలో 32వ వంతైనా ఉండాలి, అతికించినవైతే 16వ వంతు. నీకు వస్తున్న గరగర బహుశా రివిట్ తలలు డ్రమ్ముని గీరడం, డ్రమ్ము లోపల గోరు పెట్టి లాగినప్పుడు గాడులు తగిలితే అదే.

ఇక డ్రమ్ము. షాపుల్లో అందరూ దాటేసేది ఇదే, నేనైతే ముందు దీన్నే చూస్తా. నీ ట్రక్కుకి డ్రమ్ము లోపలి వ్యాసం 11 అంగుళాలు. మామూలు లెక్కేంటంటే లేత్ మిషన్ మీద లోపలివైపు నున్నగా కోయించాక 11.060 దాటకూడదు, అరిగి అరిగి 11.090కి వస్తే పారెయ్యాలి. కొన్ని డ్రమ్ముల మీద గరిష్ఠ కొలత పోత పోసే ఉంటుంది, అది ఉంటే అదే లెక్క, నా లెక్క కాదు. మెషిన్ షాపుకి పట్టుకెళ్తే డ్రమ్ మైక్రోమీటర్‌తో కొలుస్తారు, ఒక్కచోట కొలిచి ఊరుకోవద్దను, చుట్టూ నాలుగైదు చోట్ల, లోతుగా ఒకసారి అంచు దగ్గర ఒకసారి కొలవాలి, ఎందుకంటే డ్రమ్ము గుండ్రం పోయి ఉండొచ్చు లేదా అంచు దగ్గర గంటలా వెడల్పైపోయి ఉండొచ్చు. తొక్కినప్పుడు పెడల్ కాలికి కొట్టుకుంటూ ఉంటే గుండ్రం పోయినట్టే. నీలం మచ్చలుంటే బాగా వేడెక్కి అక్కడక్కడ గట్టిపడింది, కోయించినా ఆ మచ్చలు లేచే ఉంటాయి. పగులు ఉందో లేదో తెలుసుకోవాలంటే డ్రమ్ముని వేలాడదీసి చిన్న సుత్తితో తట్టు, బాగున్నది ఖంగున మోగుతుంది, పగిలినది దబ్ మంటుంది.

కొలత లోపలే ఉంటే పాత డ్రమ్మునే కోయించు, పాత పోత బరువుగా ఉంటుంది, వేడి బాగా మింగుతుంది, నాకైతే ఇప్పుడొచ్చే చవక డ్రమ్ముల కంటే అదే ఇష్టం. ఒక యాక్సిల్‌కి రెండు డ్రమ్ములూ దాదాపు ఒకే కొలతకి కోయించు, ఒకటి కొత్తది ఇంకోటి చివరిదాకా కోసింది వేస్తే మళ్ళీ లాగుతుంది. ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. డ్రమ్ము పెద్దదయ్యాక మామూలు కొలత షూ దానికి మధ్యలో మాత్రమే తగులుతుంది, రెండు చివర్లా గాలిలో ఉంటుంది. అందుకే కొత్త షూలు వేసినా కొన్నాళ్ళు బ్రేకులు ముందుకంటే అధ్వాన్నంగా ఉన్నాయని జనం ఏడుస్తారు. పాతకాలంలో షూని డ్రమ్ము వంపుకి సరిపోయేట్టు గ్రైండ్ చేసే మిషన్ ప్రతి బ్రేక్ షాపులో ఉండేది, ఆస్బెస్టాస్ దుమ్ము భయంతో దాదాపు అన్నీ మూలన పడ్డాయి. మీ చుట్టుపక్కల పాత కార్లు, లారీల బ్రేకులు చేసే షాపు ఏదైనా ఉంటే ఫోన్ చేసి అడుగు, దొరికితే నీ అదృష్టం. దొరక్కపోతే డ్రమ్ము లోపల సుద్దముక్క రాసి షూ ఆనించి జరిపితే ఎక్కడ తగులుతోందో లైనింగ్ మీద కనపడుద్ది, చివర్లు మాత్రమే తగిలి మధ్య ఖాళీ ఉంటే ఆ షూ వెయ్యకు, బ్రేక్ పట్టేసి కీచుమంటుంది. మధ్యలో తగిలితే వాడే కొద్దీ సర్దుకుంటుంది.

షూలు వేసేటప్పుడు ఒకవైపు పూర్తిగా అయ్యాకే రెండో వైపు విప్పు, అప్పుడు ఏ స్ప్రింగ్ ఎక్కడో చూసుకోవడానికి ఒకటి ఎదురుగా ఉంటుంది, ఫోన్‌తో ఫోటోలు కూడా తీసుకో. రెండు షూలూ ఒకటే అనుకోకు. లైనింగ్ పొట్టిగా ఉన్నది ప్రైమరీ, అది బండి ముందు వైపుకి రావాలి, పొడుగుది వెనక వైపుకి. దీని వెనక కథ తెలిస్తే మర్చిపోవు. ఈ రకం బ్రేకులో షూలు కింద బిగించి ఉండవు, స్టార్ స్క్రూతో (స్టార్ వీల్ ఉన్న స్క్రూ) ఒకదానికొకటి ఆని ఉంటాయి అంతే. డ్రమ్ము తిరుగుతూ ముందు షూని తనతో పాటు లాక్కుపోతుంది, ఆ షూ కింద నుంచి స్క్రూని నెట్టి వెనక షూని పైనున్న యాంకర్ పిన్ను మీదకి అదుముతుంది, అంటే బండి వేగమే బ్రేకుని ఇంకా గట్టిగా పట్టిస్తుంది. పెడల్ బలం పెంచే బూస్టర్ లేకుండా ఇంత బరువు బండి కాలి బలంతో ఆగేది అందుకే. ఎక్కువ పని వెనక షూది కాబట్టి దానికి లైనింగ్ ఎక్కువ. కొన్ని బళ్ళలో ఒకవైపు రెండూ పొట్టివీ, ఇంకోవైపు రెండూ పొడుగువీ వేసి ఉంటాయి, ఆ బండి జన్మలో తిన్నగా ఆగదు. నీ బండికి కూడా ఎవడైనా ఈ పని చేసి పెట్టాడేమో విప్పగానే చూడు.

స్ప్రింగులు పాతవి వాడకు. వేడికి సాగి షూని సరిగా వెనక్కి లాగవు, ఆ షూ డ్రమ్ముని రాసుకుంటూనే ఉంటుంది. రిటర్న్ స్ప్రింగులు, హోల్డ్‌డౌన్ స్ప్రింగులు, పిన్నులు కలిపి కిట్‌గా అమ్ముతారు, పెద్ద ఖర్చేం కాదు. స్టార్ స్క్రూలు మాత్రం కుడిది ఎడమది వేరు, మర ఒకదానికి కుడి చేతి వాటం ఇంకోదానికి ఎడమ చేతి వాటం, తారుమారైతే సెల్ఫ్ అడ్జస్టర్ బిగించే బదులు వదులు చేస్తూ పోతుంది. వెనక ప్లేటు మీద షూ ఆనే చోట ఉబ్బెత్తు మచ్చలు ఉంటాయి, అక్కడ గుంట పడితే షూ అందులో ఇరుక్కుంటుంది, వెల్డింగ్‌తో నింపి నున్నగా గ్రైండ్ చెయ్యాలి. వాటి మీద బ్రేక్ గ్రీజు పల్చగా, నిజంగా పల్చగా, రాయి. స్ప్రింగు తగిలించేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకో, జారితే ఎటు ఎగురుద్దో ఎవడూ చెప్పలేడు. ముందు డ్రమ్ములు హబ్‌తో పాటే బయటికి వస్తే ఎలాగూ చేతిలో ఉన్నాయి కాబట్టి బేరింగులు కడిగి కొత్త గ్రీజు కూరి, కొత్త సీలు వేసి, కొత్త కాటర్ పిన్ పెట్టు.

నిజానికి నీ బండిలో నన్ను భయపెట్టేది షూలు కాదు. 1966 మోడల్ కదా, మాస్టర్ సిలిండర్ ఒకే గదిది. నాలుగు చక్రాలకీ ఒకే ఆయిల్, ఒక్క పైపు పగిలినా ఒక్క వీల్ సిలిండర్ ఊడినా నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి, నీకు హ్యాండ్ బ్రేక్ తప్ప ఇంకేం మిగలదు. షెవీ వాళ్ళు 1967 నుంచి రెండు గదుల సిలిండర్ ఇచ్చారు, ముందుకి ఒకటి వెనక్కి ఒకటి. డిస్కుల మీద పెట్టాలనుకున్న డబ్బులో చిన్న ముక్క ముందు దీని మీద పెట్టు. నాలుగూ డ్రమ్ములే ఉండే 1967 నుంచి 1970 మధ్య ట్రక్కుకి వచ్చిన రకం తీసుకో, ముందు వెనక పైపులు విడదీయాలి, డ్రమ్ములకి లైన్లో 10 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) దాకా ప్రెషర్ నిలిపి ఉంచే వాల్వ్ కావాలి, అది సిలిండర్‌లోనే ఉందో విడిగా పెట్టాలో కొనేటప్పుడే అడుగు. పెడల్ నుంచి సిలిండర్‌ని నెట్టే పుష్ రాడ్ దగ్గర కొంచెం లూజు ఉండి తీరాలి. లూజు లేకపోతే సిలిండర్‌లోని చిన్న రంధ్రం మూసుకునే ఉంటుంది, వేడెక్కి పెరిగిన ఆయిల్ వెనక్కి పోలేదు, పది మైళ్ళు పోయేసరికి బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి, చాలామంది దీన్ని షూల తప్పనుకుని మళ్ళీ మొత్తం విప్పుతారు.

ఇనప పైపులు తుప్పు పట్టి ఉంటే మార్చెయ్, చివర్లు రెండు మడతలుగా వెడల్పు (డబుల్ ఫ్లేర్) చెయ్యాలి. కాపర్ నికెల్ పైపు వాడొచ్చు, తేలిగ్గా వంగుతుంది, తుప్పు పట్టదు. ఏసీకి వాడే ఉత్త రాగి గొట్టం మాత్రం వద్దు, మధ్యలో కంప్రెషన్ ఫిట్టింగ్ పెట్టి అతుకు వెయ్యడం అసలే వద్దు. రబ్బరు హోసులు మూడూ కొత్తవి, ఆలోచించకుండా.

ఆయిల్ డాట్ 3 (బ్రేక్ ఆయిల్ రకం) చాలు. అది మరిగే వేడి కొత్తలో కనీసం 205 డిగ్రీల సెల్సియస్, గాల్లో తేమ పీల్చుకున్నాక 140కి పడిపోవచ్చు, అందుకే రెండేళ్ళకోసారి మార్చాలంటా. డాట్ 4 పోసినా తప్పులేదు. డాట్ 5 సిలికాన్ ఆయిల్ మాత్రం వీటితో కలవదు, మొత్తం కడిగి రబ్బర్లు మార్చి పోసేవాళ్ళ సంగతి వేరు. గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌ని ముందు బెంచి మీదే నింపి గాలి తీసి బండికి బిగించు, తర్వాత దూరం నుంచి దగ్గరికి, కుడి వెనక, ఎడమ వెనక, కుడి ముందు, ఎడమ ముందు. ఇంట్లోవాళ్ళని సీట్లో కూర్చోబెట్టి, నొక్కు, పట్టుకో, నేను చెప్పేదాకా వదలకు అనుకుంటూ చెయ్యాలి, కాపురంలో గొడవలొచ్చే పని ఇది, ముందే చెప్తున్నా. మధ్యలో డబ్బా ఖాళీ అయిందంటే మళ్ళీ మొదటికి.

అడ్జస్ట్‌మెంట్ ఎలాగంటే చక్రం చేత్తో తిరగనంత దాకా స్టార్ వీల్ బిగించి, పెడల్ ఒకసారి గట్టిగా తొక్కి షూలు మధ్యకి సర్దుకున్నాక, సన్నగా రాసుకునే సౌండు మాత్రమే మిగిలేదాకా వదులు చెయ్. నాలుగూ అయ్యాకే హ్యాండ్ బ్రేక్ కేబుల్ ముట్టుకో, ముందే కేబుల్ లాగితే వెనక షూలు తెరుచుకునే ఉండి అడ్జస్ట్‌మెంట్ అంతా తప్పుద్ది. సెల్ఫ్ అడ్జస్టర్ ఉంటే వెనక్కి వెళ్తూ బ్రేకు తొక్కినప్పుడే అది పని చేస్తుంది, కాబట్టి ఖాళీ పార్కింగ్‌లో రివర్స్‌లో నాలుగైదుసార్లు తొక్కు. లేకపోతే చేత్తోనే అప్పుడప్పుడు చూసుకోవాలి. ఆ తర్వాత ఖాళీ రోడ్డు మీద 30 మైళ్ళ స్పీడు నుంచి మామూలుగా తొక్కి ఆపుతూ, మధ్యలో చల్లారనిస్తూ ఒక ఇరవైసార్లు చెయ్, లైనింగ్ డ్రమ్ముకి కూర్చుంటుంది. అప్పటిదాకా హైవే ఎక్కకు.

డిస్కుల సంగతి. షెవీ వాళ్ళే 1971లో ఈ ట్రక్కులకి ముందు డిస్కులు స్టాండర్డ్ చేశారు, అంటే ఏది మెరుగో వాళ్ళకీ తెలుసు. డ్రమ్ములు వేడెక్కితే వ్యాకోచించి షూకి దూరం జరుగుతాయి, నీళ్ళల్లోంచి పోతే మొదటి రెండు మూడు తొక్కుళ్ళకి పట్టవు, ఇవి ఎంత బాగా చేసినా పోవు. నువ్వు వెనక ట్రైలర్ లాగుతావా, కొండ రోడ్లకి తీసుకెళ్తావా, రోజూ ఆఫీసుకి హైవే మీద 70లో పోతావా, అయితే డిస్కులు వేయించు, నేనే దగ్గరుండి వేయించమంటా. ఆదివారం పొద్దున కాఫీకి, పండక్కి గుడికి తీసుకెళ్ళే బండైతే సరిగా సర్దిన డ్రమ్ములు చాలు, ముందు బండికి దూరం కొంచెం ఎక్కువ ఉంచు, దిగుడులో సెకండ్ గేరు. వేయిస్తే గనక కిట్ కొనేముందు నీ పాత 15 అంగుళాల రిమ్ములు కాలిపర్‌కి (డిస్కుని ప్యాడ్లతో నొక్కేది) తగులుతాయేమో అడుగు, ముందు డిస్కుల లైన్లోంచి ఆ 10 పీఎస్ఐ వాల్వ్ తీసేయించు, లేకపోతే ప్యాడ్లు డిస్కుని రాసుకుంటూనే ఉంటాయి, వెనక చక్రాలు ముందే లాక్ అవకుండా ప్రొపోర్షనింగ్ వాల్వ్ పెట్టించు.

ఇంకో సంగతి, టెక్సాస్‌లో 2025 జనవరి 1 నుంచి సొంత బళ్ళకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు, కాబట్టి ఇకమీదట నీ బ్రేకులు ఏడాదికోసారి చూసేవాడు ఎవడూ లేడు. చక్రాలు తీసినప్పుడల్లా నువ్వే డ్రమ్ము విప్పి చూస్కో.

ఈ వారం ఇంకేం కొనకుండా కుడి వెనకది, ముందు రెండూ విప్పి, డ్రమ్ములు కొలిపించి ఆ నంబర్లూ, ఆ తడి ఏ వాసనో, షూల ఫోటోలూ పెట్టు. కోయించాలా కొత్తవి తేవాలా అప్పుడు చెప్తా. అప్పటిదాకా బండి ఇంట్లోనే ఉంచు.